అంట్ల మిషన్ అలిగిందా?

'బిడ్డా... నీ మిషిని ఆగిపోయింది. లోపల నీళ్లు నిలిచినయ్. బోళ్లన్నీ అట్లనే ఉన్నయ్.'

రాత్రి తొమ్మిది గంటలకి జనగామ నుంచి అమ్మ ఫోను. 'నీ మిషిని' అన్న మాట గమనించారా! నడిచినన్నాళ్లూ అది 'మన మిషిని'. ఇంటికెవరొచ్చినా తలుపు తీసి మరీ చూపించేది. ఆగిపోగానే నాదైపోయింది. మోకాళ్ల నొప్పులతో సింకు దగ్గర నిలబడలేకపోతోందని కొనిచ్చిన డిష్‌వాషర్ అది. కంపెనీకి ఫోన్ చేస్తే 'మీ ఊరికి మా మనిషి వారంలో ఒకట్రెండు రోజులే వస్తాడండీ' అన్నారు. నాలుగో రోజున వచ్చాడు. ఆ నాలుగు రోజులూ అమ్మ స్టూలు వేసుకుని గిన్నెలు తోముకుంది.

వచ్చినాయన స్క్రూడ్రైవర్ కూడా బయటికి తీయలేదట. మిషన్ అడుగునున్న జల్లెడని తిప్పి పైకి లాగాడు. చింతపండు పీచు, కరివేపాకు ఈనెలు, నానిన మెతుకులు... ముద్దగా వచ్చాయి. కుళాయి కింద కడిగి మళ్లీ బిగించాడు. మిషన్ నడిచింది. వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

'గింతేనా! గిది నేను చెయ్యకపోదునా?' అంది అమ్మ.

చేసేదే. చెయ్యొచ్చని ఎవరూ చెప్పలేదంతే. అలాగని అన్నీ మనమే చేసేద్దామనుకుంటే అదీ ప్రమాదమే. కరెంటూ నీళ్లూ ఒకే డబ్బాలో ఉండే యంత్రం ఇది. ఏది మన పని, ఏది మెకానిక్ పని... ఆ గీత ఎక్కడుందో తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఒక్కోసారి ప్రాణమూ మిగులుతుంది.

షికాగో నుంచి చెల్పూరు దాకా

అంట్లు తోమే యంత్రం నిన్నమొన్నటిదేం కాదు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రానికి చెందిన జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ 1886లోనే పేటెంటు తీసుకుంది. ఖరీదైన పింగాణీ పళ్లేలు తోమేటప్పుడు అంచులు విరిగిపోతున్నాయన్న బాధలోంచి పుట్టిన ఆలోచన అది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలు వేల పళ్లేలు కడిగి జనాన్ని ఆశ్చర్యపరిచాయి. నీళ్లని వేగంగా చిమ్మి గిన్నెల్ని కడగాలన్న ఆవిడ సూత్రమే ఈనాటికీ నడుస్తోంది.

మన దగ్గర మాత్రం చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి, పనివాళ్లు రాలేక, ఇంటిల్లిపాదీ ఇంట్లోనే మూడు పూటలా తింటూ ఉంటే అప్పుడు గుర్తొచ్చింది. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. హైదరాబాదు అపార్టుమెంట్లలో మొదలైన ముచ్చట మెల్లగా చిన్న పట్టణాలకీ పాకింది. జనగామలో పిల్లలు దూరంగా ఉన్న రిటైర్డ్ టీచర్ల ఇళ్లు, మహబూబాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు, భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగుల ఇళ్లు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసేవారి ఇళ్లు... నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చిన ఇంట్లో తెల్లారి సింకు నిండా గిన్నెలుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. 2016 అక్టోబరు 11న ఈ మూడూ కొత్త జిల్లాల కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. కంపెనీల సర్వీసు సెంటర్లు మాత్రం చాలావరకు హన్మకొండ, వరంగల్‌లోనే ఉండిపోయాయి. మూడు ఊళ్లకీ అక్కణ్నుంచి అటూ ఇటూగా 60 కిలోమీటర్లు. కాబట్టి మెకానిక్ వచ్చేలోగా మనకి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

లోపల జరిగేదేంటి?

తలుపు మూశాక లోపలంతా నీళ్లు నిండిపోతాయనుకుంటారు చాలామంది. కాదు. అడుగున కొద్ది లీటర్ల నీళ్లే చేరతాయి. హీటరు వాటిని వేడి చేస్తుంది. పంపు ఆ నీళ్లనే పైకి నెడితే, ఫ్యాను రెక్కల్లా తిరిగే గొట్టాల చిల్లుల్లోంచి గిన్నెల మీదికి చిమ్ముకుంటాయి. కిందికి జారిన నీళ్లు జల్లెడలో వడకట్టుకుని మళ్లీ పైకి. ఇలా కొన్ని విడతలు. పన్నెండు, పద్నాలుగు మందికి సరిపడే గిన్నెలు పట్టే కొత్త మిషన్లు ఒక విడత మొత్తానికి పది లీటర్ల చుట్టుపక్కల నీళ్లతోనే పని కానిచ్చేస్తాయి. కుళాయి వదిలి తోమితే అంతకు ఎన్నో రెట్లు పోతాయి.

ఇది అర్థమైతే సగం రిపేర్లు అర్థమైనట్టే. నీళ్లు రావాలి, వేడెక్కాలి, చిమ్మాలి, వడకట్టుకోవాలి, బయటికి పోవాలి. ఈ అయిదింటిలో ఏది ఆగిందో కనిపెట్టడమే మన పని.

అసలు మొదలే కావట్లేదు

కంగారు పడకండి. ముందు తలుపు చూడండి. ఏ గరిటె కాడో అడ్డుపడి గడియ సరిగా పడకపోతే మిషన్ కదలదు. 'టక్' మని శబ్దం రావాలి. తర్వాత ప్యానెల్ మీద తాళం బొమ్మ వెలుగుతోందా? మనవడో మనవరాలో చైల్డ్ లాక్ నొక్కి ఉంటారు. గడియారం బొమ్మ కనిపిస్తే 'కొన్ని గంటల తర్వాత మొదలెట్టు' అన్న బటన్ నొక్కారన్నమాట. అదే సాకెట్లో వేరే వస్తువు పెట్టి చూడండి. అదీ పనిచేయకపోతే తప్పు మిషన్‌ది కాదు.

నీళ్లు రావట్లేదు

కుళాయి తెరిచి ఉందా? వెనక పైపు మెలిక పడిందా? ఈ రెండూ సరిగ్గానే ఉంటే కుళాయి కట్టేసి, ప్లగ్గు పీకి, నీళ్లొచ్చే పైపుని విప్పండి. మొదట్లో చిన్న జాలీ కనిపిస్తుంది. బోరు నీళ్లలోని ఇసుక, ట్యాంకు అడుగునున్న మడ్డి అక్కడే చేరతాయి. పాత టూత్‌బ్రష్‌తో కడిగి పెట్టేస్తే సరి. అయితే పైపు మొదట్లో డబ్బాలాంటిది ఉండి, లోపల వైర్లున్న రకమైతే దాన్ని విప్పొద్దు, నీళ్లలో ముంచొద్దు. అందులో కరెంటుతో నడిచే వాల్వు ఉంటుంది.

మన ఊళ్లలో ఇంకో తిరకాసుంది. చాలా మిషన్లకి కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి కావాలి. అంటే ట్యాంకులో నీటి మట్టం మిషన్ కంటే మూడు నుంచి అయిదు మీటర్ల ఎత్తులో ఉండాలి. ఒకే అంతస్తు ఇంట్లో స్లాబు మీద నేరుగా ట్యాంకు పెడితే ఆ ఎత్తు అరకొరగా ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మిషన్ నడిచి, సగానికి తగ్గినప్పుడు ఆగిపోతోందంటే కారణం ఇదే. ఓ చిన్న పరీక్ష... మిషన్‌కిచ్చే కుళాయి కింద బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. నిమిషానికి 10 లీటర్లు రావాలంటాయి కొన్ని కంపెనీల పుస్తకాలు. రాకపోతే పిలవాల్సింది కంపెనీ మనిషిని కాదు, ప్లంబర్ని. ట్యాంకుకి దిమ్మె కట్టించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమో చేస్తే చాలు.

నీళ్లు బయటికి పోవట్లేదు

అమ్మకొచ్చిన కష్టం ఇదే. ముందు ప్లగ్గు పీకండి. నీళ్లు వేడిగా ఉంటే చల్లారనివ్వండి. గ్లాసుతో ముంచి, మిగిలినవి స్పాంజితో తీసేయండి. కింది అరని బయటికి లాగితే అడుగున గుండ్రటి జల్లెడ కనిపిస్తుంది. చాలా మిషన్లలో ఎడమవైపు తిప్పితే పైకి వస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోవడం మర్చిపోవద్దు. గ్లాసు పెంకులు, పిన్నీసులు కూడా అక్కడే దాక్కుంటాయి. జల్లెడ తీశాక అడుగున కాసిని నీళ్లు మిగిలి ఉంటే భయపడకండి. అవి ఎప్పుడూ ఉండేవే.

జల్లెడ శుభ్రంగానే ఉంటే బయటికెళ్లే పైపు చూడండి. మిషన్‌ని గోడకి నెట్టినప్పుడు నలిగిపోయి ఉండొచ్చు. సింకు కింద ఆ పైపు కలిసేచోట నూనె జిడ్డు పేరుకుని ఉండొచ్చు. సింకు నీళ్లు కూడా మెల్లగా పోతున్నాయంటే తప్పు అక్కడే. పైపుని నేల మీద పడేసి వదలకూడదు. కంపెనీ చెప్పిన ఎత్తు దాకా లేపి, అక్కణ్నుంచి కిందికి దించాలి. లేకపోతే మురుగు వెనక్కి వస్తుంది.

ఇన్ని చేసినా నీళ్లు కదలకపోతే, పంపు 'గుయ్' మంటూ మూలుగుతుంటే అక్కడితో ఆపేయండి. పంపులో ఏదో ఇరుక్కుంది. మీ మిషన్ పుస్తకంలో పంపు మూత ఎలా తీయాలో బొమ్మ ఉంటేనే ప్రయత్నించండి. లేదంటే మెకానిక్ పనే.

గిన్నెలకి జిడ్డు అలాగే ఉంటోంది

పది ఫిర్యాదుల్లో ఎక్కువ వినిపించేది ఇదే. ఇందులో మిషన్ తప్పు కంటే మన సర్దుడు తప్పే ఎక్కువ. గిన్నె మీద గిన్నె బోర్లిస్తే పై గిన్నెలోకి నీళ్లెలా వెళ్తాయి? నోరు కిందికి, కాస్త వాలుగా ఉండాలి. పెద్ద గిన్నెలు, మూకుళ్లు కింద. గ్లాసులు, కప్పులు పైన. సర్దడం అయ్యాక నీళ్లు చిమ్మే రెక్కని చేత్తో ఓసారి తిప్పి చూడండి. ఏ గరిటె కాడకో తగిలితే ఆ విడతంతా వృథానే.

రెక్కల చిల్లుల్లో ఆవగింజలు ఇరుక్కుంటాయి. మన పోపుకీ ఆ చిల్లులకీ ఏదో పాత పగ ఉన్నట్టుంది! రెక్కల్ని విప్పి, టూత్‌పిక్‌తో చిల్లుల్ని శుభ్రం చేసి, నీళ్లు పోసి ఊపండి. నెలకోసారి చాలు.

ప్లేట్లలోని ఎంగిలి మెతుకులు, ఎముకలు, మిరపకాయ తొడిమలు గీకి పడేయాలి. కుళాయి కింద తళతళలాడేలా కడిగి మరీ పెట్టాల్సిన పనిలేదు. డిష్‌వాషర్ పొడుల్లోని ఎంజైములకి పని ఉండాలిగా! అడుగంటిన పాల గిన్నె, మాడిన కడాయి మాత్రం ముందు నానబెట్టాల్సిందే. ఇక అరగంటలో అయిపోయే 'క్విక్' బటన్ నొక్కి బగారా గిన్నె జిడ్డు పోలేదంటే... పాపం, దాని తప్పేముంది? నూనె గిన్నెలకి వేడి ఎక్కువుండే పెద్ద ప్రోగ్రామే పెట్టాలి.

గ్లాసులకి తెల్లపొర

'కొన్న నెలకే గాజు గ్లాసులు మసకబారినయ్' అన్నారొక తెలిసినావిడ. జనగామ వైపు బోరు నీళ్లు తాగినవాళ్లకి ఈ కథ కొత్తేం కాదు. రాతినేల కింది నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బకెట్లకి పట్టే తెల్లగారే గ్లాసులకీ పడుతుంది. అదే హీటరుకీ పడుతుంది. అదీ అసలు ప్రమాదం.

తాగునీటిలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. డిష్‌వాషర్ పుస్తకాల్లో ఇదే లెక్కని జర్మన్ డిగ్రీల్లో ఇస్తారు. ఒక డిగ్రీ అంటే దాదాపు 17.8 మిల్లీగ్రాములు. కాబట్టి 200 అంటే 11 డిగ్రీలు, 600 అంటే 34 డిగ్రీలు. నీళ్లని పరీక్ష చేయించి, వచ్చిన అంకెకి తగ్గట్టు మిషన్‌లో సెట్టింగు పెట్టుకోవాలి. ఈ ఒక్క పనిని చాలా ఇళ్లలో ఎవరూ చేయరు.

ఉప్పు ఎందుకు పోయాలో ఇప్పుడు తెలిసిపోతుంది. మిషన్ అడుగున రెజిన్ పూసలుండే ఒక గది ఉంటుంది. నీళ్లలోని కాల్షియాన్ని అవి పట్టేసుకుని సోడియాన్ని వదులుతాయి. కొన్నాళ్లకి పూసలు నిండిపోతాయి. ఉప్పు నీళ్లతో కడిగితేనే మళ్లీ పనిలోకి దిగుతాయి. అందుకు గళ్లుప్పులా ఉండే డిష్‌వాషర్ ఉప్పే వాడాలి. కూరలో వేసే మెత్తటి అయొడైజ్డ్ ఉప్పు పోస్తే గడ్డకట్టి దారి మూసేస్తుంది. మొదటిసారి ఆ గదిలో నీళ్లు నింపి తర్వాత ఉప్పు పోయాలి. ఒలికిన ఉప్పు స్టీలుని తినేస్తుంది కాబట్టి వెంటనే ఒక విడత నడిపేయాలి. ఉప్పు గదిలో పొరపాటున సబ్బు పొడి పోశారో... ఆ భాగం పాడైనట్టే. వెంటనే మెకానిక్‌ని పిలవాలి.

మిషన్ భగీరథ నీళ్లు నదుల్లోంచి వచ్చి, శుద్ధి అయిన నీళ్లు. బోరు నీళ్లకంటే సాధారణంగా మెత్తగా ఉంటాయి. రెండూ ఒకే ట్యాంకులో కలిసే ఇళ్లలో సెట్టింగు బోరు నీళ్లకి తగ్గట్టే ఉంచుకోవడం మంచిది. 'ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వాడుకోవచ్చు కదా' అంటారు కొందరు. ఆ నీళ్లలో ఉప్పులు మరింత ఎక్కువ. అవి నేల తుడవడానికే.

గ్లాసు మీది తెలుపు సున్నపు పొరా కాదా తెలుసుకోవాలంటే వెనిగర్‌లో కొద్దిసేపు ముంచండి. పోతే సున్నం. పోకపోతే గాజే అరిగిపోయింది. అది ఇక పోదు.

నురగ, తడి, వాసన

మిషన్ తలుపు కిందనుంచి నురగ కారుతోందా? ఎవరో సింకు దగ్గరి లిక్విడ్ సబ్బు పోసుంటారు. చేత్తో తోమే సబ్బు బాగా నురగనివ్వాలి. మిషన్ సబ్బు అసలు నురగనివ్వకూడదు. రెండూ వేర్వేరు. నురగని తీసేసి, సబ్బు లేకుండా చల్లటి నీళ్లతో ఒకటి రెండుసార్లు కడగనివ్వండి.

గిన్నెలు ఆరట్లేదంటే రిన్స్ ఎయిడ్ అయిపోయిందేమో చూడండి. ప్లాస్టిక్ డబ్బాలు ఎటూ తడిగానే ఉంటాయి. స్టీలులా అవి వేడిని పట్టి ఉంచుకోలేవు. పని అయిపోయాక తలుపు ఓరగా తెరిచి ఉంచితే ఆవిరి పోతుంది.

వాసనకి జల్లెడ, తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచు కారణాలు. వారానికోసారి తుడవాలి. నెలకోసారి ఖాళీ మిషన్‌లో క్లీనర్ వేసి వేడి ప్రోగ్రాం నడపాలి. వెనిగర్ ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. తరచూ పోస్తే రబ్బర్లు దెబ్బతింటాయి. బ్లీచింగ్ పౌడరు మాత్రం వద్దే వద్దు. అది వెనిగర్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇవి పెట్టకండి!

జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పెట్టింది పేరు. ఆ ఊరి వస్తువుల్ని మాత్రం మిషన్‌లో పెట్టకండి. ఇత్తడి, రాగి, వెండి రంగు మారిపోతాయి. అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలు నల్లబడతాయి. ఇనుప పెనం తుప్పు పడుతుంది. చెక్క గరిటెలు చీలిపోతాయి. నాన్‌స్టిక్ అయితే కంపెనీ 'పెట్టొచ్చు' అంటేనే పెట్టాలి. స్టీలు, పింగాణీ, గాజు భేషుగ్గా పెట్టుకోవచ్చు. పసుపు, కారం మరకలు పట్టిన ప్లాస్టిక్ డబ్బా మాత్రం ఎన్ని విడతలు తిప్పినా మారదు. మహబూబాబాద్ మిర్చి ఎరుపంటే మాటలా మరి!

కరెంటుతో ఆటలొద్దు

'గిన్నెలు తీస్తుంటే చెయ్యి జిల్లుమంటోంది' అని ఎవరైనా అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చెప్పులేసుకుని ముట్టుకోవడం దానికి మందు కాదు. వెంటనే మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మిషన్ ఒంట్లోకి కరెంటు వస్తోందంటే దాన్ని భూమిలోకి పంపాల్సిన ఎర్తింగ్ పనిచేయట్లేదన్నమాట. రాతి నేలల్లో, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ఇలా జరుగుతుంది. ఇల్లు కట్టిన రోజున వేసిన ఎర్తింగ్‌ని మళ్లీ ఎప్పుడైనా పరీక్ష చేయించారా? 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే లీకేజీ రాగానే అదే కరెంటు ఆపేస్తుంది. మిషన్ ఖరీదు ముందు దాని ఖరీదు ఏపాటిది!

డిష్‌వాషర్‌కి 16 ఆంపియర్ల సాకెట్ విడిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, టూపిన్ కన్వర్టర్లు పనికిరావు. ప్లగ్గు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా అదే ఆఖరి విడత అనుకోండి. బాగు చేయించేదాకా ముట్టుకోవద్దు.

'రెండు గంటల్లో అయ్యేది మూడు గంటలు పడుతోంది' అన్న ఫిర్యాదుకి తరచూ కారణం లో వోల్టేజీ. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే హీటరు శక్తి 61 శాతానికి పడిపోతుంది. అంటే 2,000 వాట్ల హీటరు 1,200 వాట్ల పనే చేస్తుంది. నీళ్లు వేడెక్కేదాకా మిషన్ ఆగుతుంది మరి. సాయంత్రం వదిలేసి, లోడు తగ్గాక నడిపి చూడండి. తేడా కనిపిస్తే మిషన్ బంగారమే. తగిన స్టెబిలైజర్ గురించి అడగండి.

ఇక మెకానిక్ పనే

* మిషన్ కింద నేల మీద నీళ్లు కనిపిస్తుంటే
* నీళ్లు తీసుకోకుండా పంపు ఒక్కటే ఆగకుండా ఆడుతుంటే. అడుగు ట్రేలో నీళ్లు చేరాయని, వరద రాకుండా మిషన్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం
* నీళ్లు అసలు వేడెక్కకపోతే
* ఫ్యూజు పోతున్నా, ఎంసీబీ పడిపోతున్నా
* ఎలుక వైర్లనో పైపునో కొరికితే
* బటన్లు వెలగకపోతే, అదే కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంటే

కోడ్‌లు కంపెనీకో రకం. ఎల్జీలో ఓఈ అంటే నీళ్లు పోవట్లేదని, ఐఈ అంటే రావట్లేదని. బాష్‌లో ఈ24 అంటే పోవట్లేదని, ఈ15 అంటే అడుగున లీకైందని. మీ పుస్తకంలో మీ మిషన్ కోడ్‌లున్న పేజీని ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి. కోడ్ కనిపించగానే ఓసారి ప్లగ్గు పీకి, అయిదు నిమిషాలాగి పెట్టి చూడండి. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందైతే పోతుంది.

ఫోన్ చేసే ముందు...

ఇక్కడ పోయేది చార్జీ డబ్బులే కాదు. కంగారులో ఇంటర్నెట్‌లో 'కస్టమర్ కేర్' అని వెతికి, మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేసి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్లు ఎందరో! 'పది రూపాయలు కట్టండి', 'ఈ యాప్ వేసుకోండి', 'ఓటీపీ చెప్పండి' అన్నారంటే వాడు మెకానిక్ కాదు, దొంగ. నంబరు ఎప్పుడూ వారంటీ కార్డు మీదో, మిషన్‌కి అంటించిన స్టిక్కర్ మీదో ఉన్నదే తీసుకోవాలి. మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీకి ఫోన్ చేశాక 'పనిచేయట్లేదు' అని ఊరుకోవద్దు. తలుపు అంచున ఉండే మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కోడ్, మొదలైన ఎంతసేపటికి ఆగిందన్న సంగతి చెప్పాలి. వీలైతే ఆ శబ్దాన్ని వీడియో తీసి పంపండి. 60 కిలోమీటర్ల నుంచి వచ్చే మనిషి సరైన సామాను వెంట తెచ్చుకుంటే రెండో ట్రిప్పు తప్పుతుంది. ఆ రెండో ట్రిప్పే మనకి ఇంకో వారం.

వచ్చే చార్జీ ఎంతో ముందే అడగండి. సామాను మారిస్తే పాతది మీకిచ్చేయమనండి. బిల్లు, కొత్త సామానుకి గ్యారంటీ రాయించుకోండి. వారంటీలో ఉన్నప్పుడు బయటి మెకానిక్ చేత విప్పిస్తే వారంటీ పోవచ్చు. ఎలుక కొరికిన వాటికి చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. కాబట్టి మిషన్ వెనక సందులు మూయించడం మన పనే. మిషన్ పాతబడి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతోందంటే మాత్రం ఓసారి ఆలోచించుకోండి.

పదేపదే తిప్పుతున్నారా? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2020 జులై నుంచి అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. మిషన్‌ని హైదరాబాదులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా అదే లెక్క. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువుకి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది. కంపెనీల సర్వీసు, విడిభాగాల వివరాలు ఒకచోట దొరకాలన్నది దాని ఉద్దేశం.

ఇప్పుడు అమ్మ ఏం చేస్తోందంటే...

ప్రతి ఆదివారం జల్లెడ కడుగుతోంది. నెలకోసారి రెక్కల చిల్లుల్లోంచి ఆవాలు ఏరుతోంది. ఎర్తింగ్ పరీక్ష చేయించింది. ఉప్పు అయిపోయిన దీపం వెలిగితే నాకు ఫోన్ చేయకుండా తనే పోస్తోంది. మొన్న పక్కింటివాళ్ల మిషన్ ఆగిపోతే వాళ్లింటికెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని జల్లెడ తీసి చూపించిందట. ఆ తర్వాత నాకు ఫోను.

'వాళ్లది గూడ గట్లనే ఆగింది బిడ్డా. మొత్తం కరివేపాకే. మన మిషిని మంచిగ నడుస్తంది.'

మళ్లీ 'మన మిషిని' అయిందన్నమాట!